ఆవుపాల ఎలర్జీ: హైడ్రొలైజ్డ్ పొడి తాగట్లేదు, మేకపాలు పట్టొచ్చా?

కొత్తమ్మ: బాబుకి 4 నెలలు, 6 కిలోలు. డబ్బాపాలే. మోషన్‌లో నెత్తుటి చారలు, తాగిన రెండు మూడు గంటలకి కక్కడం. ఆవుపాల ప్రోటీన్ ఎలర్జీ అని డాక్టర్ ఎక్స్‌టెన్సివ్లీ హైడ్రొలైజ్డ్ పొడి (పాల ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలు చేసిన డబ్బాపొడి) రాశారు. మూడు రోజులైంది. సీసా పెట్టగానే మొహం తిప్పేస్తున్నాడు, మోషన్ ముదురు ఆకుపచ్చ. లాక్టోజ్ ఫ్రీ డబ్బా చవగ్గా ఉంది, ఇంట్లో పెద్దవాళ్లు మేకపాలంటున్నారు. మార్చొచ్చా?

ఉగ్గిన్నె: రెండూ వద్దండీ. లాక్టోజ్ పాలలోని చక్కెర. బాబుకి పడనిది ప్రోటీన్. లాక్టోజ్ ఫ్రీ డబ్బాలో కేసీన్, వే (whey) అనే పాల ప్రోటీన్లు మామూలుగానే ఉంటాయి. మేకపాలు, గేదెపాల ప్రోటీన్లు ఆవుపాల వాటికి బాగా దగ్గర, ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి అవీ పడవు. ‘హెచ్.ఏ.’ (హైపోఎలర్జెనిక్) అని రాసున్న డబ్బా కూడా పనికిరాదు, అందులో ప్రోటీన్‌ని అరకొరగా తుంచుతారంతే. సోయా పొడి సాధారణంగా 6 నెలల లోపు ఇవ్వరు.

ఆకుపచ్చ మోషన్ ఈ పొడికి మామూలే. ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలు చేయడంవల్ల ఈ పొడికి చేదు, అదోరకం వాసన ఉంటాయి, మొహం తిప్పేది అందుకే. లక్షణాలు ఆలస్యంగా వచ్చే మీలాంటి కేసుల్లో, డాక్టర్ సరేనంటే, పాత పాలలో పావు వంతు కొత్తవి కలిపి నాలుగైదు రోజుల్లో పూర్తిగా మార్చొచ్చు. తాగిన వెంటనే దద్దుర్లు, పెదాల వాపు వచ్చే పిల్లలకి మాత్రం ఇలా కలపకూడదు.

డబ్బాలెక్క: కలిపే పద్ధతి కూడా చూసుకోండి. ముందు నీళ్లు, తర్వాత పొడి. చాలా డబ్బాలకి 30 మి.లీ.కి ఒక స్కూపు, అంటే 150 మి.లీ.కి 5. అయినా మీ డబ్బా మీద రాసింది చదవండి, ఒక డబ్బా స్కూపు ఇంకోదానికి వాడొద్దు. పొడి నొక్కకుండా, కత్తి వీపుతో గీసి సమం చేయాలి. మరిగించిన నీళ్లు 70 డిగ్రీలకి తగ్గకముందే కలిపి, సీసాని చల్లనీళ్లలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసుకోండి. ప్రొబయోటిక్ (మేలుచేసే బ్యాక్టీరియా) ఉన్న పొడికి అంత వేడి పనికిరాదు, డబ్బా మీద చెప్పిన వేడే పాటించండి. తాగగా మిగిలినవి గంట దాటితే పారబోయండి.

ఖరీదని స్కూపు తగ్గిస్తుంటారు కొందరు. బరువు ఆగిపోవడమే కాదు, ఒంట్లో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు. 6 కిలోలకి రోజుకి సుమారు 900 మి.లీ. (కిలోకి 150) పడుతుంది. అందులో సగం కూడా తాగకపోతే, తడి డైపర్లు తగ్గితే ఆ రోజే చూపించండి.

ఉగ్గిన్నె: ఫలితం తేల్చడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, పూర్తిగా మారిన రోజు నుంచి లెక్కపెట్టండి. అప్పటికీ నెత్తురు తగ్గకపోతే అమైనో యాసిడ్ పొడికి (ప్రోటీన్ ముక్కలు కూడా లేకుండా, విడి అమైనో యాసిడ్లతో చేసినది) మారుస్తారు. తగ్గితే డాక్టర్ పాత పాలు మళ్లీ పట్టి చూడమంటారు. బాగైపోయాడుగా ఎందుకని చాలామంది మానేస్తారు కానీ, ఎలర్జీ అవునో కాదో తేలేది అక్కడే.

కొత్తమ్మ: థాంక్సండీ. ఆరో నెలలో ఉగ్గులో నెయ్యి వేయొచ్చా?

డబ్బాలెక్క: వద్దు, నెయ్యిలోనూ కాస్త పాల ప్రోటీన్ మిగులుతుంది. బియ్యం, పెసరపప్పు ఉగ్గులో చెంచాడు నూనె వేయండి. రెడీమేడ్ సిరియల్ పెట్టెల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది, వెనక చిన్నక్షరాలు చదవండి. ఎప్పుడైనా ఊపిరాడకపోయినా, ఒళ్లు వేలాడేసినా వెంటనే 108.