బండి మీదకెళ్లి పడ్డంక బాపుకు ఒక్కటి రెండుగ కనబడుతున్నది, స్కాన్ మాత్రం నార్మల్ అంటున్నరు

దేవరకొండ పోరడు:
అందరికీ నమస్తే. మా బాపు పోయిన నెల పొలం కాడికెళ్లి బండి మీద వస్తుంటే కుక్క అడ్డమొచ్చి పడ్డడు, ఊర్లనే కదా అని హెల్మెట్ పెట్టుకోడు, తలకాయ వెనకభాగం సీసీ రోడ్డుకు తగిలి కొంచెంసేపు సోయి లేకుండె. దవాఖానల తలకు సీటీ స్కాన్ తీసి రక్తం గడ్డ లేదు ఎముక విరగలేదు అని పంపిండ్రు. ఇప్పుడు తింటుండు, తిరుగుతుండు, కానీ మెట్లు దిగుతుంటే ఒక మెట్టు మీద ఇంకో మెట్టు కనబడుతదట, గోడ పట్టుకొని దిగుతుండు. పేపర్ చదవనీకి అయితలేదు. తల ఒక పక్కకే వంచుకొని కూసుంటుండు, మెడ పట్టిందని అమ్మ ఝండూబామ్ రాస్తున్నది. ఇంకోటి, కూరల ఉప్పు కారం తెలుస్తున్నయట గానీ వాసన అస్సలు తెల్వదంట. అద్దాలు మార్పిస్తే సరిపోతదా?

జడ్చర్ల అక్క:
తమ్మీ, ముందుగాల ఒక కన్ను మూసి చూడమను, తర్వాత రెండోది. ఏ కన్ను మూసినా ఒక్కటే కనబడితే అది అద్దాల సంగతి కాదు, రెండు కండ్లు ఒక్కతాన నిలుస్తలేవన్నట్టు. మా ఆయనకు 44 హైవే మీద యాక్సిడెంట్ అయినప్పుడు కంటిని బయటి పక్కకు తిప్పే ఆరో నరం దెబ్బతిన్నది, ఆయనకు పక్కపక్కన రెండు కనబడేటివి, దూరం చూస్తే ఇంకా ఎక్కువ. కొన్ని నెలలు కంటికి ప్యాచ్ కట్టుకొని తిరిగిండు, మెల్లగ తగ్గింది. అప్పటిదాంక బండి తాళం నేనే దాచిన, లొల్లి చేసిండు గానీ ఇయ్యలే.

పాలమూరు ఆప్టోమెట్రిస్ట్:
పైకి కిందికి రెండుగ కనబడుడు, మెట్లకాడ, చదివేకాడ ఎక్కువగుడు, తల వంచుకునుడు, ఇవన్నీ కంటిని తిప్పే నాలుగో నరాన్నే చూపిస్తున్నయి. మెదడుకెళ్లి వచ్చే 12 జతల నరాలల్ల అదే సన్నది, మెదడు వెనకకెళ్లి బయల్దేరి పుర్రె లోపట అన్నిటికంటే పొడుగు దారి చుట్టి కంటికొస్తది, అందుకే చిన్న దెబ్బకు గూడ సాగిపోతది. సీటీల ఎముక, రక్తం తెలుస్తయి, సాగిన నరం కనబడదు. మెడకు బామ్ రాయాల్సిన పనిలేదు, రెండు బొమ్మలు కలవాలని ఆయన తల అట్ల పెడుతుండు.

హైదరాబాద్‌ల సరోజినీదేవి కంటి దవాఖానల గానీ ఎల్వీ ప్రసాద్ కంటి దవాఖానల గానీ మెల్లకన్ను చూసే డాక్టర్ దగ్గరికి తీస్కపోండి. దానంతట అదే తగ్గే ఛాన్స్ ఉంటది కాబట్టి మామూలుగ ఆరు నెలలదాంక ఆగుతరు, అప్పటికీ మిగిలితేనే ఆపరేషన్ మాట, ఈలోపు ప్యాచో, రెండు బొమ్మలను కలిపే ప్రిజం అద్దమో ఇస్తరు. న్యూరో డాక్టర్‌కు గూడ ఒకసారి చూపెట్టండి. తలనొప్పి పెరిగినా, మత్తుగ పడుకున్నా, వాంతులైనా, రెప్ప వాలి నల్లగుడ్డు పెద్దగైనా మాత్రం ఆ రాత్రే ఎమర్జెన్సీకి పోవాలె. పెద్దోళ్లకు దెబ్బ తగిలిన కొన్ని వారాలకు గూడ లోపట రక్తం చేరుతది.

హాలియా బ్రో:
వాసనకు మా తాత ముక్కుల ఏదో ఆకు పసరు పోసేటోడు, కావాలంటే అడిగి చెప్త

ఈఎన్‌టీ పీజీ, నల్లగొండ:
దండం పెడ్త, ముక్కుల ఏదీ పొయ్యకుండ్రి! పుర్రె అడుగున పగులుంటే ముక్కుకెళ్లి నీళ్లలాంటిది కారుతది, దాని గుండా ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు ఎక్కుతది. వంగినప్పుడు నీళ్లు కారుతున్నయా అడుగుండ్రి, కారితే ముక్కు చీదొద్దు, వెంటనే రావాలె.

వాసన నరం పోగులు ముక్కు పైన జల్లెడ లాంటి ఎముకల సన్న రంధ్రాలకెళ్లి దిగుతయి, తల వెనక దెబ్బకు మెదడు ఊగితే అక్కడ తెగుతయి. ఉప్పు పులుపు తెలిసే నరాలు వేరే, అందుకే అవి తెలుస్తున్నయి. లవంగం, నిమ్మ, గులాబీ, నీలగిరి వాసనలు పొద్దున సాయంత్రం మనసుపెట్టి చూపియ్యండి, నెలల తరబడి చెయ్యాలె, అందరికీ తిరిగి రాదు, ఆ మాట ముందే చెప్తున్న. గ్యాస్ లీకైనా పాలు విరిగినా ఆయనకు తెల్వదు. పురుగుమందు కొట్టే పని వేరేటోళ్లకు ఇయ్యండి, మీద పడ్డా వాసన రాదు.

దేవరకొండ పోరడు:
కన్ను మూపిచ్చి చూసిన అక్కా, ఏ కన్ను మూసినా ఒక్కటే కనబడుతున్నదట. ముక్కుకెళ్లి నీళ్లేం లేవు. సోమవారం మెహదీపట్నంల సరోజినీదేవికి పోతున్నం. సీటీ ఫిల్మ్ పట్కపోవాల్నా, రిపోర్ట్ చాలా?

పాలమూరు ఆప్టోమెట్రిస్ట్:
రెండూ పట్కపోండి. యాక్సిడెంట్‌కు ముందటి ఫొటోలు గూడ రెండు మూడు, కొందరికి తల వంపు చిన్నప్పట్నుంచే ఉంటది, డాక్టర్లు అడుగుతరు.