కేసు కొట్టేశాక కూడా మన డీఎన్ఏ పోలీసుల దగ్గర ఉండాలా?

పత్తికొండ బావ:
2023లో మా వైపు ఒక ఊళ్లో గట్టు తగాదా జరిగి ఒకాయనకు కొడవలి దెబ్బ తగిలింది. ఎఫ్ఐఆర్‌లో పదకొండు పేర్లు రాశారు, తొమ్మిదోది మా బావమరిది పేరు. ఆ పొద్దున వాడు ఆదోని యార్డులో పత్తి దించుతున్నాడు. అప్పటి 307 సెక్షన్ (హత్యాయత్నం) కాబట్టి వేలిముద్రలు, ఫొటోలతో పాటు రక్తం కూడా తీశారు. పోయినేడు కోర్టు కేసు కొట్టేసింది. రక్తం, దాని రిపోర్టు తీసేయమని స్టేషన్‌కి పోతే "అది ఢిల్లీకి పోయింది, మా చేతిలో లేదు" అన్నారు.

2022 ఆగస్టు 4 నుంచి అమల్లో ఉన్న నేర ప్రక్రియ (గుర్తింపు) చట్టం ప్రకారం ఈ రికార్డులు జాతీయ నేర రికార్డుల బ్యూరోలో 75 ఏళ్లు ఉంటాయి. అంతకుముందున్న 1920 చట్టంలో వేలిముద్రలు, పాదముద్రలు, ఫొటోలే. ఇప్పుడు కంటిపాప, రక్తం, సంతకం అన్నీ వచ్చాయి. పాత శిక్ష లేనివాడు నిర్దోషిగా బయటపడితే రికార్డు చెరిపేయాలని నాలుగో సెక్షన్‌లో ఉంది, కాదనను. కానీ తిరగాల్సింది ఎవరు? రాష్ట్రం పెట్టిన నోడల్ ఆఫీసర్‌కు వాడే అర్జీ పెట్టుకోవాలట. ఇరికించింది ఒకరు, కాళ్లు అరిగేది ఇంకొకరికి. తీర్పు రాసిన రోజే కోర్టే చెరిపేయమని పంపాలి. నా వాదన అంతే.

రిటైర్డ్ హెడ్డు:
నాయనా, నీ బాధ అర్థమైంది. నేను ముప్పై ఏళ్లు ఖాకీ వేసుకున్నవాణ్ణి. ఈ సీమలో పట్టపగలు మనిషిని నరికినా సాక్షి దొరకని రోజులు చూశాను. దొరికినా కోర్టు మెట్ల మీద మాట మార్చేవాడు. రక్తం మాట మార్చదు. కర్నూలు దగ్గరి చిన్నటేకూరు మర్చిపోయారా? 2025 అక్టోబరు 24న బస్సు కాలిపోతే ఏ దేహం ఎవరిదో తేల్చింది డీఎన్ఏనే. ఇంకోటి, చిన్న కేసుల్లో రక్తం ఇవ్వనని చెప్పే వీలు ఆ చట్టంలోనే ఉంది. ఆడవాళ్ల మీద, పిల్లల మీద నేరాలకు, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే వాటికి మాత్రం లేదు.

పత్తికొండ బావ:
ఎస్సై ముందు నిలబడి "ఇవ్వను సార్" అన్నవాణ్ణి ఒకణ్ణి చూపించండి, దండేసి వస్తా.

చిన్నటేకూరు దీనికి పోలిక కాదు సార్. అక్కడ తమవాళ్ల కోసం కుటుంబాలు ఇష్టపడి రక్తం ఇచ్చాయి. ఆ శాంపిల్ రేపు దొంగతనం కేసులో తీసి పోలిస్తే ఊరుకుంటారా? 2019 డీఎన్ఏ బిల్లులో నేరస్థలం, నిందితులు, శిక్ష పడ్డవాళ్లు, తప్పిపోయినవాళ్లు, గుర్తు తెలియని మృతులు అని వేరే వేరే అరలు పెట్టారు. ఆ బిల్లునే 2023లో వెనక్కి తీసుకున్నారు. సామాను పెరిగింది గానీ అరలు లేవు.

ల్యాబ్ పిల్ల:
అన్నా, ఇక్కడ రెండు వస్తువులు కలిసిపోతున్నాయి. ప్రొఫైల్ అంటే డీఎన్ఏలో ఇరవై చోట్ల చూసి రాసుకున్న అంకెల వరస. దాంతో మనిషిని పోల్చొచ్చు, ఆ అంకెల నుంచి జబ్బుల సంగతి పెద్దగా తెలియదు. ఊదారంగు మూత ట్యూబులో ఉండే రక్తం అట్లా కాదు, అందులో మనిషి పూర్తిగా ఉంటాడు. అంకెలు కంప్యూటర్‌లో చెరిపేసి ట్యూబు ఫ్రీజర్‌లో వదిలేస్తే చెరిపినట్టా? అర్జీలో రెండూ విడివిడిగా రాయించు.

రక్తం మాట మార్చదు అన్నారు కదా హెడ్డు గారూ, మధ్యలో మనుషులు ఉంటారు. ఏప్రిల్‌లో ఒకసారి రక్తం తడి ఆరని చొక్కా ప్లాస్టిక్ కవర్‌లో వచ్చింది. విప్పితే ఆవిరి, వాసన, బట్ట మీద నల్ల బూజు. నీడన ఆరబెట్టి కాగితం కవర్‌లో పెట్టాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే. ఆ కవర్ మీద లక్క సీలు మాత్రం చక్కగా ఉంది! 2007 విజయవాడ హాస్టల్ హత్య కేసులోనూ డీఎన్ఏ రిపోర్టు ఉంది. కింది కోర్టు 2010లో శిక్ష వేసింది, 2017లో హైకోర్టు నిర్దోషి అంది. ఆ కుర్రాడు అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

సిద్ధాపురం మనవడు:
మీ అందరికీ ఇది కొత్త భయం. మాది ఆత్మకూరు దగ్గర సెటిల్మెంటు ఊరు, అంటే నేరస్థ జాతులని ముద్ర వేసినవాళ్లను సర్కారు తెచ్చి ఉంచిన ఊరు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే మా పేర్లు రిజిస్టర్‌లో ఎక్కేవి. వేలిముద్ర వేసి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి. 1952 నాటికి దేశమంతా ఆ చట్టం పోయింది గానీ ఎక్కడ దొంగతనం జరిగినా ముందు మా వీధికే జీపు వచ్చేది. డీఎన్ఏ ఒక్కడిది ఉంటే చాలు, అన్నదమ్ముల జాడా దొరుకుతుంది. ఎవరి ఇళ్లలో అరెస్టులు ఎక్కువో వాళ్లే ఆ డేటాబేస్ నిండా ఉంటారు. దీని గురించి ఎవరూ మాట్లాడరేం?

రిటైర్డ్ హెడ్డు:
మీ మాట కాదనలేను తమ్ముడూ. ఆ జీపుల్లో నేనూ ఎక్కినవాణ్ణే.

కానీ బావగారూ, తీర్పు రోజే చెరిపేయమంటే ఎట్లా? ప్రభుత్వం అప్పీలుకు పోవచ్చు కదా. అన్ని దారులూ అయిపోయాకే చెరపాలని చట్టం అనేది అందుకే. చెరపొద్దనుకుంటే మేజిస్ట్రేట్ కారణం రాసి ఉంచమనొచ్చు కూడా. వరసగా గొలుసులు తెంపేవాడు ఒక కేసులో తప్పించుకున్నాడని అన్నీ తుడిచేస్తామా?

పత్తికొండ బావ:
పాత శిక్ష ఉన్నవాడి సంగతి నేను ఎత్తనే లేదు సార్. అప్పీలు గడువు కూడా ఒప్పుకుంటా. గడువు దాటిన మర్నాడు ఆ కాగితం కోర్టు నుంచే కదలాలి, అంతవరకే. ఇంగ్లండులో పదకొండేళ్ల పిల్లవాణ్ణి దోపిడీ ప్రయత్నం కేసులో పట్టుకుని, నిర్దోషి అని తేలాక కూడా శాంపిల్ ఉంచుకున్నారు. 2008లో యూరప్ మానవ హక్కుల కోర్టు అది తప్పంది. ఆ తర్వాత వాళ్లు చట్టమే మార్చుకున్నారు.

రిటైర్డ్ హెడ్డు:
చట్టం మారేదాకా మీవాడు ఆగలేడు కదా. తీర్పు సర్టిఫైడ్ కాపీలు రెండు తీయించు. అప్పీలు పడలేదని పీపీ (ప్రభుత్వ వకీలు) ఆఫీసు నుంచి కాగితం అడుగు, అది లేకుంటే పక్కన పడేస్తారు. అర్జీ స్పీడ్ పోస్టులో పంపు, చేతికి ఇవ్వొద్దు. ఇన్‌వార్డులో, అంటే కాగితాలు తీసుకునే బల్ల దగ్గర, అర్జీలు ఎట్లా మాయమవుతాయో నాకు తెలుసు.

పత్తికొండ బావ:
కాపీ అప్లికేషన్ నిన్ననే వేశా సార్. ల్యాబ్ చెల్లెమ్మ చెప్పినట్టు ట్యూబు గురించి వేరే పేరా రాయిస్తా. జవాబు వస్తే పేర్లు కొట్టేసి ఇక్కడే పెడతా.