రక్తపిశాచి నవలలు చదివే క్రైస్తవులు ఇంకెవరైనా ఉన్నారా, లేక నేనొక్కదాన్నేనా?

సగంపేజీ_గుంటూరు:

ఇది అడగాలా వద్దా అని రెండు వారాలుగా టైప్ చేయడం చెరిపేయడం, ఇవాళ ఏదైతే అదవుతుందని అడిగేస్తున్నా. మాది లూథరన్ కుటుంబం, తాతయ్య ఉపదేశి, నేను కూడా చాలా ఏళ్లు సండే స్కూల్లో పిల్లలకి దావీదు గొల్యాతు కథ చెప్పినదాన్నే. నాకు రక్తపిశాచి నవలలంటే పిచ్చి. అదీ సంగతి.

మొదలైంది కాలేజీ హాస్టల్లో. రూమ్మేట్ దగ్గర ట్విలైట్ ఉంటే ఊరికే తిరగేశా, కథ మొదలవకముందే ఆదికాండం 2:17 అచ్చేసి ఉంది, తినకూడదన్న పండు వచనం. ఓహో మనవాళ్లదే అనుకుని ధైర్యంగా చదివేశా (నవ్వకండి). అక్కణ్నుంచి డ్రాకులా, అక్కణ్నుంచి దొరికినవన్నీ. తర్వాత మనసు పీకుతుంటే, పోనీ క్రిస్టియన్ సస్పెన్స్ చదివితే సస్పెన్సూ ఉంటుంది తప్పూ ఉండదు కదా అని ఫ్రాంక్ పెరెట్టి పట్టుకున్నా. 1986లో వచ్చిన ఆయన నవల 'దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్', ఆ పేరే ఎఫెసీ 6:12 లోంచి తీసింది, మనం కంఠతా పట్టామే, "ప్రస్తుత అంధకారసంబంధులగు లోకనాథులతోను" అని, ఆ ముక్క. ఆష్టన్ అని చిన్న ఊరు, ఒక పాస్టరు, ఒక పేపరు ఎడిటరు, వాళ్ల నెత్తిమీద దేవదూతలూ దయ్యాలూ కత్తులు దూసుకుంటుంటారు, కింద జనం ప్రార్థన చేస్తేనే పైన దూతలకి బలం. సగం దాకా కింద పెట్టలేదు. కానీ అందులో ధ్యానం గీనం అన్నీ దయ్యాల ఖాతాలోనే పడిపోతాయి. మా పక్కింటి ఆంటీ రోజూ పొద్దున్నే డాబా మీద కళ్లు మూసుకుని ధ్యానం చేస్తారు, పండగొస్తే మాకు బూరెలు పంపిస్తారు, ఆవిడ భుజం మీద దయ్యం కూర్చుందని ఊహించుకోమంటే నావల్ల కాలేదు.

విచిత్రం ఏంటంటే డ్రాకులా చదివేటప్పుడు నాకా ఇబ్బంది రాదు. చదివేశాక ప్రార్థనకి కూర్చుంటే మాత్రం దొంగతనం చేసొచ్చినట్టు ఉంటుంది. నా డ్రాకులాకి అట్ట ఏంటో తెలుసా, చర్చివాళ్లిచ్చిన క్యాలెండర్లో ఆగస్టు నెల కాగితం. ముందువైపు కొండలు, గొర్రెలు, "యెహోవా నా కాపరి". లోపల ఆయన.

ఇలా ఒక కాలు గుమ్మం లోపల ఒక కాలు బయట పెట్టి చదివేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, మానేశారా, సర్దుకున్నారా, సర్దుకుంటే ఎలాగ?

బెజవాడ_బాబాయ్:

ప్రైజ్ ది లార్డ్ అమ్మా. నేను కొంచెం పాతకాలం మనిషిని, తిడతాననుకోకు. తులసిదళం కొత్తగా వచ్చిన రోజుల్లో నేను చదివాను, చదివాక రాత్రిపూట దొడ్లోకి వెళ్లాలంటే మా తమ్ముణ్ని లేపేవాణ్ని, వాడు విసుక్కుంటూ లాంతరు పట్టుకుని వచ్చేవాడు. ఆ తర్వాత ఆ జాతి పుస్తకాలు ముట్టుకోలేదు. ఫిలిప్పీ 4:8 ఉంది కదా, ఏవి సత్యమైనవో ఏవి పవిత్రమైనవో వాటిమీద ధ్యానముంచుకొనుడి అని. అది రూలు లాగా చెప్పట్లేదు, నాకు ఆ పుస్తకం పడలేదు అంతే, కొందరికి వంకాయ పడదు చూడు అలాగ. నీకు రాత్రి నిద్ర పడుతోందా? ప్రార్థన చేసుకోగలుగుతున్నావా? అవి చూసుకో. అట్ట సంగతి మాత్రం నాకు నచ్చలేదమ్మా, చదివితే చదువు, దాచడం దేనికి.

కార్పేతియన్_కాఫీ:

అక్కా, నువ్వు డ్రాకులా మళ్లీ మొదటి అధ్యాయం చదువు, నీ ప్రశ్న అక్కడే ఉంది. 1897 పుస్తకం, రాసిన బ్రామ్ స్టోకర్ డబ్లిన్‌లో పుట్టిన ప్రొటెస్టెంటు. కథలో హార్కర్ అనే కుర్ర లాయరు డ్రాకులా కోటకి బయల్దేరే ముందు బిస్ట్రిట్జ్‌లో హోటల్ ముసలావిడ వెళ్లొద్దు బాబూ ఈ రాత్రి మంచిది కాదు అని మోకాళ్ల మీద పడి బతిమాలుతుంది, వినడు, అప్పుడు తన మెడలో సిలువ తీసి ఇస్తుంది. హార్కర్‌కి ఏం చెయ్యాలో తెలీదు. ఎందుకంటే ఇంగ్లీషు చర్చి మనిషి, ఇలాంటివి విగ్రహారాధన కిందకి వస్తాయని చిన్నప్పట్నుంచి నేర్పారు. కాదంటే పెద్దావిడ మనసు నొచ్చుకుంటుంది. ఆ తటపటాయింపు ఆయన మొహంలోనే ఆవిడ పసిగట్టేసి, మీ అమ్మ కోసమైనా ఉంచుకో అని జపమాల మెడలో వేసేస్తుంది. ఈయన మొహమాటానికి ఉంచుకుంటాడు, భక్తితో కాదు.

తర్వాత కోటలో గడ్డం గీసుకుంటుంటే వెనకనించి కౌంట్ (అంటే డ్రాకులాయే) వచ్చి పలకరిస్తాడు, అద్దంలో కనపడడు, ఈయన ఉలిక్కిపడి గడ్డం కోసుకుంటాడు, రక్తం కారుతుంది. కౌంట్ కళ్లు మండిపోయి గొంతు మీదకి చెయ్యి వేస్తాడు, ఆ చెయ్యి జపమాల పూసలకి తగుల్తుంది, అంతే ఒక్క క్షణంలో కోపం మాయం. తర్వాత ఆ అద్దం తీసి కిటికీలోంచి పారేస్తాడు, గడ్డం గీసుకోడానికి ఇక ఏముంది అని హార్కర్ విసుక్కుంటాడు (నాకు ఆ విసుగు భలే ఇష్టం, ప్రాణం పోబోతుంటే గడ్డం గొడవ). ఆ సిలువ ఇచ్చిన తల్లి చల్లగుండాలి అని డైరీలో రాసుకుంటాడు, నాకు తప్పని నేర్పిన వస్తువే ఒంటరితనంలో ఆదుకుందే అని ఆశ్చర్యపోతాడు. అంటే నీలాగ నసుగుతూ లోపలికి వెళ్లిన ప్రొటెస్టెంటు ఆ పుస్తకంలోనే ఉన్నాడు, అదీ మొదటి పేజీల నుంచే. నువ్వు బయట నించోలేదక్కా.

ఆర్సీఎం_అమ్మాయి:

అమ్మయ్య క్యాథలిక్కుల వైపు నుంచి నేను వచ్చేశా 😄 మాకు ఆ పుస్తకంతో వేరే బాధ. పిశాచిని వేటాడే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం) తెచ్చి, దాన్ని నలిపి, పిండిలా కలిపి, పిశాచిగా మారిన లూసీ సమాధి తలుపు సందుల్లో మెత్తుతాడు, గోడకి లప్పం పెట్టినట్టు! అడిగితే నా దగ్గర ఇండల్జెన్స్ ఉంది అంటాడు. బాబూ ఇండల్జెన్స్ అంటే ముందుగా తీసుకునే పర్మిషన్ కాదు, క్షమించిన పాపానికి మిగిలిన శిక్ష తగ్గించడం, అది చూపించి సత్ప్రసాదంతో తాపీపని చేయనివ్వరు. మా నాన్నకి చెప్తే పది నిమిషాలు నవ్వారు, తర్వాత సీరియస్ అయిపోయి ఇలాంటివి చదవకన్నారు.

కానీ సగంపేజీ గారూ, స్టీఫెన్ కింగ్ రాసిన సేలమ్స్ లాట్ చదివారా, 1975ది? అందులో ఫాదర్ కల్లహాన్ అని ఒక గురువు, కొంచెం తాగుడు. సిలువ ఎత్తితే అది వెలుగుతుంది, పిశాచి వెనక్కి తగ్గుతుంది. అప్పుడు పిశాచి పందెం వేస్తుంది, నా చేతిలో చిక్కిన ఈ అబ్బాయిని వదిలేస్తా, నువ్వు సిలువ పక్కన పడెయ్యి, నీ విశ్వాసం నా విశ్వాసం తేల్చుకుందాం అని. అబ్బాయిని వదిలేస్తుంది కూడా. ఫాదర్ సిలువ పడెయ్యలేడు, చేతిలో ఉన్నది గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకున్న కొద్దీ వెలుగు తగ్గిపోతుంది, చివరికి ఉత్త లోహం. తర్వాత సొంత గుడి తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలిపోతుంది. తపస్సు కాలంలో (ఈస్టరు ముందు నలభై రోజులు) విన్న ప్రసంగాలు నాకు ఒక్కటీ గుర్తులేవు, ఆ తలుపు గుర్తుంది. అది క్రిస్టియన్ షాపులో అమ్మే పుస్తకం కాదు మరి, బూతులు కూడా బాగానే ఉంటాయి, ముందే చెప్తున్నా.

చెట్టుమీది_బేతాళ్:

నేను క్రిస్టియన్ కాదు, అయినా ఒక మాట చెప్త. మన విక్రమార్కుని బేతాళుణ్ని రిచర్డ్ బర్టన్ 1870ల ఇంగ్లీషుల రాసినప్పుడు పుస్తకం పేరుల వేంపైర్ అనే పెట్టిండు, పాపం మన బేతాళుడు ఎవ్వరి నెత్తురు తాగడు, కథ చెప్పి ప్రశ్న అడిగి మళ్ల చెట్టెక్కుతడు. డ్రాకులా వచ్చుడు ఇంక 27 ఏండ్ల తర్వాత. ఇంకోటి, పిలవంది ఇంట్లకు రాలేడు అనే రూలు ఉంటది కదా, మొదటిసారి ఇంట్లోళ్లు ఎవరన్న రమ్మనాలె, హార్కర్ పెండ్లాం మీనా దగ్గరికి కూడ ఆ పిచ్చాసుపత్రిల ఉన్న రోగి రెన్‌ఫీల్డ్ పిలిస్తెనే వచ్చిండు. మా చిన్నప్పుడు మా ఊర్ల ప్రతి తలుపు మీద "ఓ స్త్రీ రేపు రా" అని సున్నంతోని రాసిండ్రు, మా నాయనమ్మకు చదువు రాదు, నాతోనే రాయించింది, నేను "రేపు" బదులు "రెపు" అని రాసిన, ఆ రాత్రంత దీర్ఘం లేదని అది లోపలికి వస్తదేమో అని పండలే. గా భయం మతం అడిగి రాదు అక్కా.

కార్పేతియన్_కాఫీ:

@చెట్టుమీది_బేతాళ్ దీర్ఘం మిస్సయితే దయ్యం లోపలికి 😂😂

పాతపుస్తకాల_షెల్ఫ్:

రక్తపిశాచి నవలలు రాసిన ఆన్ రైస్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి. 1972లో అయిదేళ్ల కూతురు లుకేమియాతో పోయింది, 1976లో వచ్చిన మొదటి నవలలో ఎప్పటికీ పెరగని పిల్ల పిశాచి ఉంది, రెండూ పక్కన పెట్టి చూస్తే ఆ పిల్ల ఉన్న పేజీలు మామూలుగా చదవలేం. 1998లో మళ్లీ క్యాథలిక్ చర్చిలోకి వచ్చింది, 2005లో బాలయేసు మీద నవల రాసింది, 2010లో క్రీస్తుని వదల్ను గానీ క్రైస్తవురాలినని ఇక అనిపించుకోను అని వెళ్లిపోయింది. గుమ్మంలో నించోవడం అంటే అదీ.

సగంపేజీ గారికి కావాల్సింది రెండూ కలిసినవి అయితే ఉన్నాయి. ఎరిక్ విల్సన్ మూడు పుస్తకాల సిరీస్, మొదటిది 2008, యేసుని పట్టించిన ఇస్కరియోతు యూదా రక్తం ఇంకిన అకెల్దమ పొలంలోంచి పిశాచాలు లేస్తాయి, ఆలోచన అదిరిపోయింది, పాత్రలు మరీ ఎక్కువ, నేను కాగితం మీద పేర్లు రాసుకుని చదివా. ట్రేసీ బేట్‌మన్ 2009లో రాసింది ఇంకోటి, తాగుడు మానేసిన ఆడమనిషి పుట్టినూరికి తిరిగొస్తుంది, అక్కడ రక్తదాహం ఉన్నవాడు, ఇద్దరి దాహం పక్కపక్కన పెట్టి రాసింది, పిశాచి కథగా కన్నా తాగుడు కథగా బాగుంది. టెడ్ డెక్కర్‌ది మోల్దావియాలో జరిగేది ఒకటుంది, నాకు మితిమీరిన పాకం అనిపించింది.

సగంపేజీ_గుంటూరు:

ఇంతమంది వస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ నిద్ర బాగానే పడుతోందండీ.

నిన్న మాకు ప్రభురాత్రి భోజనం. నేను శనివారం రాత్రే మీనా అధ్యాయం మళ్లీ చదివా, డ్రాకులా తన రొమ్ము చీల్చి ఆమెతో బలవంతంగా తాగించి "నా మాంసంలో మాంసం" అంటాడే, ఆదాము మాట అది, దొంగిలించి వాడతాడు. ఆ తర్వాత ఆ పవిత్రమైన అప్పం మీనా నుదుటికి తగిలితే కాలిపోతుంది పాపం. పాస్టరు గారు గిన్నె పట్టుకుని "ఇది నా రక్తము" అనేసరికి నాకు మీనా గుర్తొచ్చింది. ఒక్క క్షణం కాళ్లు వణికాయి, నుదురు తడుముకున్నా కూడా, పక్కన మా అత్తయ్య ఏమైందే అంది. తర్వాత మామూలుగానే తీసుకున్నా. డ్రాకులా బలవంతంగా తాగించాడు, ఇక్కడ నేను నడుచుకుంటూ వెళ్లి మోకాళ్లూని తీసుకుంటున్నా, ఇన్నేళ్లలో ఆ తేడా నాకెప్పుడూ తట్టలేదు. ఇది అత్తయ్యకి చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

పాతపుస్తకాల_షెల్ఫ్ గారూ ఆ ఎరిక్ విల్సన్ మొదటి భాగం మీ దగ్గరే ఉంటే అరువివ్వండి, పోస్టు ఖర్చులు నావి, పేర్లు రాసుకున్న ఆ కాగితం కూడా లోపల పెట్టి పంపండి. అట్ట మాత్రం ఈసారి వెయ్యను బాబాయ్ గారూ. సెప్టెంబరు కాగితం ఇంకా గోడకే ఉంది.