అప్‌డేట్: గల్లార్డోనా, హురకానా? తేలిపోయింది

మొదటి సూపర్‌కారుగా సెకండ్ హ్యాండ్ లంబోర్గినీల్లో గల్లార్డో, హురకాన్ రెండిట్లో ఏది కొనాలని మూడు నెలల కింద ఇక్కడ అడిగిన నల్గొండ రైస్ మిల్లు మనిషిని నేనే. సలహాలిచ్చిన అన్నలందరికీ థాంక్స్. చివరికి 2015 హురకాన్ తీసుకున్నా.

నా మనసంతా గల్లార్డో మీదే ఉండేది. "ఈ-గేర్ (క్లచ్ పెడల్ లేకుండా మెషీనే క్లచ్ నొక్కి గేరు మార్చేది) బండైతే క్లచ్ అరుగుదల స్కానర్‌లో చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకు" అని ఇక్కడ ఒకరన్నారు. ఆ మాటే కాపాడింది. నేను చూసిన గల్లార్డోకి హైదరాబాద్‌లో మెకానిక్ ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే క్లచ్ దాదాపు అయిపోయింది. పాత ఓనర్ సిటీ ట్రాఫిక్‌లో తెగ అరగదీసినట్టున్నాడు. మీటర్ మీద మాత్రం 19 వేల కిలోమీటర్లే! హురకాన్‌ది 7 గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లు వంతులేసుకుని పనిచేసేది) కాబట్టి ఆ టెన్షన్ తక్కువ.

ఫోర్ వీల్ డ్రైవా, రియర్ వీలా అని మనం కొట్టుకున్నదంతా దండగ. అసలు చూడాల్సింది బండి ముక్కు (ముందు భాగం) పైకి లేపే లిఫ్ట్. అది ఆప్షన్, అన్ని బండ్లకీ ఉండదు. మా వీధి స్పీడ్ బ్రేకర్ ముందు బటన్ నొక్కి, ఏటవాలుగా ఎక్కిస్తే కింద తగల్లేదు. బ్రేకర్ చెక్కేద్దామని గడ్డపారతో తయారైన మా బాపు నవ్వుకుంటూ లోపలికి పోయాడు.

కర్ణాటక బండి కాబట్టి ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం), లైఫ్ ట్యాక్స్ పని ఇంకా నడుస్తోంది.