రోజ్ మోకాలు పోయింది కోచ్ వల్లేనా?

బెంచ్‌మీదోడు:
అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో డెరిక్ రోజ్ వేసుకున్న 1వ నంబర్ జెర్సీని ఇక ఎవరికీ ఇవ్వబోమని అతని పాత జట్టు చికాగో బుల్స్ ప్రకటించినప్పటి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. నా మాట సూటిగా చెప్తా. అతని కెరీర్‌ని పాడుచేసింది అప్పటి బుల్స్ కోచ్ టామ్ థిబొడో. 2012 ఏప్రిల్ 28, ఫిలడెల్ఫియాతో ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ దశ) మొదటి మ్యాచ్. బుల్స్ 99-87తో ముందుంది, మిగిలింది 82 సెకన్లు. రోజ్ అంటే ముందు ఏడాదే 22 ఏళ్లకు ఎంవీపీ, అంటే సీజన్‌లో లీగ్ ఉత్తమ ఆటగాడు, అయినవాడు. అంత చిన్న వయసులో అది ఇంకెవరికీ రాలేదు. అలాంటివాణ్ని గెలిచేసిన మ్యాచ్‌లో ఇంకా కోర్టులో ఎందుకు ఉంచాలి? ఎడమ మోకాలి ఏసీఎల్, అంటే కీలు లోపలి లిగమెంట్, తెగింది. చివరి స్కోరు 103-91, అంటే తేడా అదే 12. ఎవరికేం ఒరిగింది?

నేపర్‌విల్ బాబాయ్:
స్కోరు చూశాక చెప్పడం తేలికే తమ్ముడూ. 2004 డిసెంబరులో ట్రేసీ మెక్‌గ్రేడీ శాన్ ఆంటోనియో మీద 35 సెకన్లలో 13 పాయింట్లు కొట్టి మ్యాచ్ లాగేశాడు. అది గుర్తున్న ఏ కోచూ 12 పాయింట్లు చూసి కాళ్లు చాపుకుని కూర్చోడు. పైగా లాకౌట్ (యజమానులు, ఆటగాళ్ల మధ్య ఒప్పందం గొడవతో లీగ్ ఆగడం) వల్ల ఆ సీజన్‌ని 66 మ్యాచ్‌లకు కుదించారు. దెబ్బలతో రోజ్ ఆడింది 39. ప్లేఆఫ్స్‌లో కూడా ఆడించకపోతే అతనికి ఊపు ఎప్పుడొస్తుంది?

బెంచ్‌మీదోడు:
మీ లెక్క నాకే పనికొస్తోంది బాబాయ్. బొటనవేలు, వెన్ను, గజ్జలు, చీలమండ... ఒకదాని తర్వాత ఒకటి పట్టేసి 27 మ్యాచ్‌లు బయట కూర్చున్నవాణ్ని తిరిగి రాగానే 37 నిమిషాలు పరుగెత్తించారు. థిబొడోకి ఇది అలవాటే. ఆ సీజన్లో, ఆ తర్వాతి సీజన్లో మ్యాచ్‌కి సగటున లీగ్ మొత్తంలో ఎక్కువ నిమిషాలు ఆడింది ఎవరు? అదే జట్టు లువోల్ డెంగ్!

పీడీ మాస్టారు:
పిల్లల్ని పాతికేళ్లు ఆడించినవాణ్ని కాబట్టి ఒక మాట. కబడ్డీలోనూ ఏసీఎల్ తెగడం చూశాను, చాలాసార్లు పక్కవాడు తాకకుండానే. పరుగులో ఉన్నవాడు పాదం నాటి ఒక్కసారిగా దిశ మారుస్తాడు చూడండి, అక్కడే పోతుంది. రోజ్‌నీ ఆ రోజు ఎవరూ తోయలేదు. పూర్తి వేగంతో వచ్చి రెండు కాళ్ల మీద ఆగి, అక్కడి నుంచి పైకి లేచాడు. అసలు అతని ఆటలో అందమే అది, జనం టికెట్ కొన్నదీ దానికే. అది మొదటి నిమిషంలోనూ జరగొచ్చు. 2013 నవంబరులో పోర్ట్‌లాండ్‌లో కుడి మోకాలి మెనిస్కస్ (కీలు లోపలి మృదులాస్థి) చిరిగింది, 2015లో మళ్లీ అదే మోకాలు. వాటికి ఏ 82 సెకన్లు కారణం?

బెంచ్‌మీదోడు:
మాస్టారూ, ఒక కాలు దెబ్బతింటే బరువు రెండో కాలి మీద పడదా?

పీడీ మాస్టారు:
పడొచ్చు. కాదనను.

రాత్రిడ్యూటీ:
ఆ రోజు రోజ్ 23 పాయింట్లు, 9 రీబౌండ్లు, 9 అసిస్టులు. ట్రిపుల్ డబుల్ (మూడింటిలోనూ కనీసం పదేసి) కోసమే ఉంచారనే వాళ్లూ ఉన్నారు. నేను నమ్మను, థిబొడో అలాంటి సరదాల మనిషి కాదు. నా ప్రశ్న వేరు. ఆ కోచ్ నిజంగా అతని బతుకు పాడుచేసి ఉంటే రోజ్ మళ్లీ రెండుసార్లు అతని దగ్గరే ఆడతాడా? 2018లో మినెసోటా, 2021లో న్యూయార్క్. 2018 అక్టోబరు 31న యూటా మీద 50 పాయింట్లు కొట్టి కోర్టులోనే ఏడ్చాడే, ఆ రోజు అతని కోచ్ ఎవరనుకున్నారు?

బెంచ్‌మీదోడు:
అది రోజ్ మంచితనం అన్నా. దెబ్బ తిన్నవాడు క్షమించాడని కోచ్ నిర్ణయం ఒప్పయిపోదు. మెక్‌గ్రేడీ ముచ్చట మాత్రం ఒప్పుకుంటా, 12 అంటే పూర్తి భరోసా కాదు. కానీ ఒకవైపు ఒక మ్యాచ్, ఇంకోవైపు పదేళ్ల ఆట. ఏది పెద్దది?

నేపర్‌విల్ బాబాయ్:
సరే, రోజ్‌ని దించేస్తే ఎవర్ని పంపుతావ్? సీజే వాట్సన్‌నా? అదే సిరీస్ ఆరో మ్యాచ్‌లో పాయింట్ తేడాతో ముందుండి, చివరి క్షణాల్లో బంతి తన దగ్గర పెట్టుకోకుండా సహచరుడు అసిక్‌కి ఇచ్చింది ఆ వాట్సనే. ఫౌల్ మీద వచ్చిన రెండు ఫ్రీ త్రోలూ (ఎవరూ అడ్డురాకుండా వేసే షాట్లు) అసిక్ పోగొట్టాడు. 79-78తో ఫిలడెల్ఫియా గెలిచింది, మొదటి స్థానంలో ఉన్న జట్టు ఇంటికెళ్లింది.

బెంచ్‌మీదోడు:
ఆ మ్యాచ్‌లో తేడా ఒక్క పాయింట్ బాబాయ్. మొదటి మ్యాచ్‌లో 12. దానికి వాట్సన్ చాలు.