కొత్త పుస్తకంతో ఊరూరా తిరగడం మేలేనా?

ప్రశ్న:
నా తొలి కథల సంపుటి 500 ప్రతులు గత నెలలో అచ్చయి వచ్చాయి. హైదరాబాదులో జరిగిన ఆవిష్కరణ సభలో అధ్యక్షులవారు, నలుగురు వక్తలు మాట్లాడేసరికి రెండున్నర గంటలు గడిచిపోయి, నాకు ఐదు నిమిషాలే మిగిలాయి. పుస్తకం కొన్నవారు 11 మంది. విజయవాడ, చీరాల, విశాఖపట్నాలలో కూడా పరిచయ సభలు పెట్టాలని ఉంది, ఖర్చు మాత్రం పూర్తిగా నాదే. ఇలా తిరగడం వల్ల పుస్తకానికి నిజంగా మేలు జరుగుతుందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
నా నవలతో తొమ్మిది ఊళ్లు తిరిగాను. అమ్మకాల వల్ల దారిఖర్చులు రాలేదు, వస్తాయని మీరూ ఆశించకండి. అయినా చీరాల వెళ్తున్నారు కనుక, పక్కనే ఉన్న వేటపాలెం తప్పకుండా వెళ్లండి. 1918లో వెలసిన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది. ఆ ఊళ్లో 18 మంది పాఠకుల మధ్య కూర్చుని, ఉపన్యాసాలేవీ లేకుండా ఒక అధ్యాయం చదివాను. చదవడం ముగియగానే చేనేత పనిచేసే ఒక పెద్దాయన, ముందుగానే మడిచి పెట్టుకున్న పుట తెరిచి, "నాడెలో పడుగు ఆడుతుందని రాశారేమిటండీ? పడుగు మగ్గానికి బిగించి ఉంటుంది, నాడెలో ఉండేది పేక కండె" అన్నారు. పడుగంటే బట్టలోని నిలువు దారాలు, పేకంటే అడ్డ దారాలు, ఆ అడ్డ దారం చుట్టిన కండెను అటూ ఇటూ తీసుకెళ్లేది నాడె. పత్రికల్లో సమీక్షలు రాసినవారెవరూ పట్టుకోని తప్పు అది. రెండో ముద్రణలో దిద్దుకున్నాను. ఆయన అలా చెప్పగలిగారంటే, సభకు నెల ముందే ఐదు ప్రతులు ఆ ఊరికి పంపించడమే కారణం.

రెండో జవాబు:
పై సలహా బాగుంది గానీ, పుస్తకాలు అమ్ముడుపోవడం కూడా ముఖ్యమే కదా! జనవరిలో విజయవాడలో, డిసెంబరు ప్రాంతంలో హైదరాబాదులో జరిగే పుస్తక ప్రదర్శనలను వదులుకోకండి. ఏదైనా స్టాలులో మీ పుస్తకం పెట్టించి, సాయంత్రాలు అక్కడే నిలబడండి. అట్ట వెనుక రాసింది చదివి పుస్తకం కింద పెట్టబోయే పాఠకుడు, రాసిన మనిషి ఎదురుగా ఉంటే మరో రెండు పుటలు తిప్పి చూస్తాడు. ప్రతులను మోసుకుని వెళ్లకుండా ఆర్టీసీ కార్గోలో ముందే పంపుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చీరాల సభకు వక్తలను పిలవడం మానుకుని, ప్రతులను రేపే పంపుతున్నాను. నా సంపుటిలో ఒక కథ చీరాల బట్టల కొట్లోనే నడుస్తుంది. అక్కడివారి ముందు ఆ కథే చదవాలని ఉంది, తప్పులుంటే వారే చెబుతారు.