ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ మాస్టర్స్: క్లాసు వాతావరణం ఎలా ఉంటుంది? చేరినవాళ్లు చెప్పండి

కొత్తగా_చేరేవాడిని
అందరికీ నమస్కారం. వచ్చే టర్ములో ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ మాస్టర్స్‌లో చేరుతున్నాను. జర్నలిజం డిగ్రీ అయ్యాక కొంతకాలం న్యూస్ డెస్కులో పనిచేశాను. కొన్ని సందేహాలున్నాయి. థియరీ ఎంత ఉంటుంది? రకరకాల దేశాలవాళ్లతో గ్రూప్ ప్రాజెక్టులు ఎలా సాగుతాయి? చివర్లో థీసిస్ తీసుకోవాలా, ప్రాజెక్టా? అన్నిటికంటే ముఖ్యంగా, క్లాసులో నిజమైన స్నేహాలు కుదురుతాయా, లేక ఎవరి భాషవాళ్లు వాళ్లతోనే ఉండిపోతారా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.

రెండో_సెమిస్టర్
చివరి ప్రశ్నకే చెప్తాను. కుదురుతాయి, కానీ వాటంతటవి కుదరవు. ఓరియెంటేషన్ వారంలో అందరూ అందరితో మాట్లాడతారు. మొదటి అసైన్‌మెంట్ గడువు దగ్గరపడేసరికి ఎవరి భాషవాళ్లు ఒక గుంపుగా కూర్చుంటారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. పొద్దుటినుంచి పరాయి భాషలో సెమినార్లు విన్నాక సొంత భాషలో నాలుగు మాటలు మాట్లాడితే తప్ప ప్రాణం తెరిపిన పడదు.

మా బ్యాచ్‌ని కలిపింది రీడింగ్ గ్రూపు. సెమినార్‌కి ముందురోజు సాయంత్రం లైబ్రరీలో గది బుక్ చేసుకునేవాళ్లం. ఒక్కొక్కరు ఒక్కో వ్యాసం చదివి, పేజీ నోట్సు రాసి అందరికీ పంచాలి. మార్కుల కోసం మొదలైంది, తర్వాత ఒకరి ఇల్లు మారితే అందరూ వెళ్లి సామాను మోసేదాకా వచ్చింది. ఎవరో మొదలుపెడతారని చూడకండి, మీరే మొదలుపెట్టండి.

థీసిస్_గోల
థియరీ గురించి నేను చెప్తాను. చాలా ఉంటుంది. 1958లో లెర్నర్ (ఆధునికీకరణలో మీడియా పాత్ర), 1962లో రోజర్స్ (కొత్త పద్ధతులు జనంలో ఎలా వ్యాపిస్తాయి), 1969లో షిల్లర్ (అమెరికా మీడియా ఆధిపత్యం), 1990లో సాఫ్ట్ పవర్, అంటే బలవంతం లేకుండా ఆకట్టుకునే శక్తి, అన్న జోసెఫ్ నై. మధ్యలో దేశాల మధ్య వార్తల ప్రవాహం మీద యునెస్కోలో నడిచిన గొడవంతా. 1980లో మాక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక, 1984 చివర్లో అమెరికా యునెస్కోనుంచి బయటికి వెళ్లిపోవడం, మరుసటేడు బ్రిటన్. ఈ వరస చాలా చోట్ల తప్పదు.

నా బాధల్లా ఏంటంటే, దీన్ని ముగిసిపోయిన చరిత్రలాగా చెప్పేసి ముందుకెళ్లిపోతారు. వార్తలు ఏ దేశాలనుంచి ఏ దేశాలకు పారుతున్నాయి, ఎవరి కథ ఎవరు చెప్తున్నారు అన్నది అప్పటి గొడవ. ఇప్పుడు ఆ ప్రశ్న ప్లాట్‌ఫారాల మీదికొచ్చింది. మా సెమినార్‌లో నేను సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మీద మాట్లాడాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా భారతదేశంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు వేశారు. ఉపగ్రహం వాళ్లది, కార్యక్రమాలు మనవి. అప్పటిదాకా ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా ఆ రోజు తమ దేశాల ఉదాహరణలు చెప్పారు, క్లాసు టైము దాటిపోయినా ఎవరూ లేవలేదు. థియరీకి భయపడకండి, మీ సొంత ఉదాహరణ ఒకటి పట్టుకుని వెళ్లండి.

మూడో_బెంచి
గ్రూప్ ప్రాజెక్టు గురించి నన్నడగండి. మా గ్రూపులో ఒకమ్మాయి మీటింగుల్లో ఒక్క ముక్క మాట్లాడేది కాదు. మిగతావాళ్లు అప్పుడే సంస్కృతుల మధ్య సంభాషణ మీద రాసిన ఎడ్వర్డ్ హాల్‌ని చదివి ఉన్నారు. "ఆమెది హై కాంటెక్స్ట్ సంస్కృతి, పైకి చెప్పరు, మనమే అర్థం చేసుకోవాలి" అని తేల్చేసి ఆమెకు చిన్నాచితకా పనులిచ్చారు. నేను విడిగా అడిగితే తెలిసింది, ఆమెది రాత్రి షిఫ్టు ఉద్యోగం. మనం పెట్టుకున్న మీటింగ్ సరిగ్గా ఆమె నిద్రపోయే వేళ. టైము మార్చాక ప్రెజెంటేషన్‌లో సగం భారం ఆమే మోసింది. మనిషిని అడక్కుండా పుస్తకాన్ని అడిగే ఈ జబ్బు మన సబ్జెక్టువాళ్లకే ఎక్కువ.

పీహెచ్‌డీ_మిత్రుడు
ఇలాంటి ఒక్కో సంఘటన చూసి థియరీనే తీసిపారేయడం సరికాదు. నేను ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీ చేస్తూ ఎన్నో బ్యాచ్‌లకు టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఉన్నాను, ఇంటర్ కల్చరల్ కోర్సు సిలబస్ తయారీలో నా చెయ్యి ఉంది. దేశాల సంస్కృతులను పోల్చే హాఫ్‌స్టెడ్ ఆరు కొలతలు ఊరికే రాలేదు. ఐబీఎం ఉద్యోగులనుంచి లక్షకు పైగా సర్వే పత్రాలు తీసుకుని తేల్చినవి. వాటిని కాదనాలంటే అంత డేటా మీ దగ్గరుండాలి.

థీసిస్_గోల
పీహెచ్‌డీ గారూ, ఐబీఎం డేటాలోంచి వచ్చినవి నాలుగే. ఐదోది మైఖేల్ బాండ్ బృందం చేసిన వేరే సర్వేనుంచి చేరింది. ఆరోది 2010లో మింకోవ్ పనివల్ల వచ్చింది. పైగా దేశాల సగటు అంకెలను ఒక్క మనిషికి అంటగట్టొద్దని హాఫ్‌స్టెడ్ స్వయంగా హెచ్చరించాడు. మూడో_బెంచి గారు చెప్పింది సరిగ్గా ఆ అంటగట్టడం గురించే.

పీహెచ్‌డీ_మిత్రుడు
ఐదూ ఆరూ తర్వాత కలిశాయని నాకూ తెలుసు, అందరికీ అర్థం కావాలని క్లుప్తంగా చెప్పాను. మూలసూత్రం మారదు.

ఆ_బ్యాచ్_మాది
స్నేహాల గురించి అడిగిన తమ్ముడికి ఒక మాట చెప్పాలి. మా బ్యాచ్ మొదటి టర్ములో చాలా బాగుండేది. చాట్ గ్రూపులో అన్నీ చెప్పుకునేవాళ్లం. వీసా రెన్యువల్ భయాలు, గైడ్‌తో మాటామాటా, ఇంట్లో నాన్నకి ఆపరేషన్, అర్ధరాత్రి ఏడుపులు. రెండో టర్ములో డిజిటల్ ఎథ్నోగ్రఫీ (ఆన్‌లైన్ సమూహాల్లో ఉండి గమనించి రాయడం) కోర్సు ఉంది. మాలో ఒకతను టర్మ్ పేపర్‌కి మా గ్రూపునే ఎంచుకున్నాడు. మాకెవరికీ చెప్పలేదు. స్లైడు మీద "విద్యార్థి అ", "విద్యార్థి ఆ" అని పెట్టి మా మెసేజ్‌లను ఉన్నదున్నట్టు చూపించాడు.

పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చిన తల్లి మా బ్యాచ్‌లో ఒక్కతే. "విద్యార్థి ఆ" ఎవరో గదిలో ప్రతి ఒక్కరికీ తెలిసిపోయింది. ఆవిడ తల వంచుకుని నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టుకుంది, ఆ సాయంత్రమే గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆ గ్రూపులో గడువు తేదీలు తప్ప ఇంకేం రాలేదు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

పీహెచ్‌డీ_మిత్రుడు
బాధాకరమే, కాదనను. కానీ నియమాల ప్రకారం చూద్దాం. క్లాసు అసైన్‌మెంట్లకు చాలా యూనివర్సిటీల్లో ఎథిక్స్ కమిటీ అనుమతి అక్కర్లేదు. కమిటీ చూసేది పరిశోధనను. అంటే పదిమందికీ వర్తించే జ్ఞానం కోసం పద్ధతిగా చేసే పని. టర్మ్ పేపర్ ఆ కోవలోకి రాదు. అతను పేర్లు మార్చాడు, గ్రూపులో తనూ సభ్యుడే. ఎథ్నోగ్రఫీ అంటేనే మనమున్న చోటును మనం గమనించడం. విద్యార్థులు చేస్తూనే నేర్చుకుంటారు.

మూడో_బెంచి
కమిటీ అడగకపోతే తోటివాళ్లను కూడా అడగక్కర్లేదా? ఆవిడ ఆ మాటలు స్నేహితులకి చెప్పుకుంది, పరిశోధకుడికి కాదు. మీరు టీఏ అంటున్నారు, మీ విద్యార్థులకి ఇదే చెప్తున్నారా?

ఎథిక్స్_ఫారం
ఈ చర్చలో ఒక పాత కేసు చెప్పుకోవాలి, మన సబ్జెక్టులో అడుగుపెట్టే ప్రతివాళ్లకీ తెలియాలి. 2008లో అమెరికాలో కొందరు పరిశోధకులు ఒక కాలేజీలో ఒకే ఏడు చేరిన విద్యార్థుల ఫేస్‌బుక్ వివరాలను డేటాసెట్‌గా విడుదల చేశారు. పేర్లు తీసేశారు, కాలేజీ పేరూ చెప్పలేదు. కానీ డేటాను వివరించే కోడ్‌బుక్‌లో బ్యాచ్ ఎంతమందో ఉంది, అక్కడ చదివే సబ్జెక్టుల పేర్లున్నాయి. వాటిని పట్టుకుని అది హార్వర్డ్ అని తొందరలోనే తేల్చేశారు. ఏదో ఒక దేశంనుంచి వచ్చినవాళ్లు బ్యాచ్‌లో ఒక్కరే ఉంటే ఆ మనిషిని గుర్తుపట్టడం ఎంతసేపు? పైగా ప్రొఫైళ్లు సేకరించిన సహాయకులు అక్కడి విద్యార్థులే, బయటివాళ్లకు కనబడనివి వాళ్లకు కనబడే వీలుంది. 2010లో మైఖేల్ జిమ్మర్ దీన్నంతా విప్పి రాశాడు. విద్యార్థులను ఎవరూ అడగలేదన్నది ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి.

ఇంటర్నెట్ పరిశోధకుల సంఘం ఏఓఐఆర్ 2002లో మొదటి ఎథిక్స్ మార్గదర్శకాలిచ్చింది, 2012లో, 2019లో మళ్లీ రాసింది. సందర్భాన్ని చూడండి, ఆ మాట రాసిన మనిషి ఏం ఆశించి రాశాడో చూడండి అన్నదే వాటి సారం. పేరు బదులు "అ", "ఆ" పెడితే సరిపోదు.

పీహెచ్‌డీ_మిత్రుడు
వెయ్యిమందికి పైగా ఉన్న డేటాసెట్‌ను లోకానికి విడుదల చేయడం ఎక్కడ, క్లాసు గదిలో ఒక స్లైడు ఎక్కడ? ఫీల్డ్‌లో దిగి పనిచేసినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. ప్రతిదానికీ అందరి సంతకాలు కావాలంటే ఎథ్నోగ్రఫీ అన్నదే సాగదు.

ఆ_బ్యాచ్_మాది
ఫీల్డా? ఆ ఫీల్డు మేమే అండీ! లోకానికి తెలిసినా ఆవిడ అంత బాధపడేది కాదేమో. పొద్దున లేస్తే మొహం చూడాల్సిన మా ముందే తెలిసింది. దానికంటే పెద్ద విడుదల ఏముంది?

కోడింగ్_కష్టాలు
గొడవ మధ్యలో వస్తున్నాను, కొంచెం మంచి విషయం కూడా వినండి. గ్రూప్ ప్రాజెక్టు వల్లే మేం నలుగురం దగ్గరయ్యాం. ఒక వాతావరణ సదస్సు గురించి నాలుగు భాషల పత్రికలు ఎలా రాశాయన్నది మా కంటెంట్ అనాలిసిస్ (వార్తలను వర్గాలుగా గుర్తించి లెక్కకట్టడం). సెమెట్కో, వాల్కెన్‌బర్గ్ 2000లో వాడిన ఐదు ఫ్రేములే, అంటే వార్తను చెప్పే కోణాలే, తీసుకున్నాం: సంఘర్షణ, మానవీయ కోణం, ఆర్థిక పర్యవసానాలు, నైతికత, బాధ్యత. ఎవరి భాష వార్తలు వాళ్లు కోడ్ చేయాలి (ఏ ఫ్రేమో గుర్తించాలి), అందరికీ తెలిసిన ఇంగ్లీషు వార్తలమీద ముందు పరీక్ష చేసుకోవాలి.

ఆ పరీక్షలో మిగతావి పర్వాలేదు, "బాధ్యత" దగ్గర క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా (కోడ్ చేసినవాళ్లు ఎంతవరకు ఏకీభవించారో చెప్పే అంకె) 0.667 కూడా దాటలేదు. 0.80 ఉంటే తప్ప గట్టిగా ఏమీ చెప్పకూడదని క్రిపెన్‌డార్ఫ్ అంటాడు, 0.667 అన్నది తాత్కాలిక నిర్ణయాలకు కనీసం. ఒక్కో వార్తా తీసి కూర్చున్నాం. ప్రభుత్వం ఏమీ చేయలేదని ఒక రైతు అన్న మాట ఉంది. ఒకరు దాన్ని బాధ్యత అన్నారు, ఇంకొకరు సంఘర్షణ అన్నారు, మూడో ఆమె మానవీయ కోణమే అని పట్టుబట్టింది. ఎందుకలా అనిపించిందో చెప్పుకుంటూ పోతే, ఎవరి దేశంలో పత్రికలు ప్రభుత్వాన్ని ఎలా ప్రశ్నిస్తాయో, ఎక్కడ ప్రశ్నించవో అన్నీ బయటికొచ్చాయి. సెక్యూరిటీ గార్డు వచ్చి లైట్లు ఆర్పుతున్నానంటే గానీ లేచేవాళ్లం కాదు. నియమాలు తిరగరాశాక ఆల్ఫా 0.80 దాటింది. ఆ నలుగురం ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటాం.

ప్రాక్టికల్_మనిషి
థీసిస్, ప్రాజెక్టు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్, ఎన్‌జీవోలో గానీ సంస్థల కమ్యూనికేషన్ విభాగాల్లో గానీ ఉద్యోగం కావాలంటే ప్రాజెక్టు. అంతే.

కాన్ఫరెన్సుల సంగతి మాత్రం ముందే తెలుసుకోండి. 1957లో యునెస్కో అండతో మొదలైన మీడియా పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఐఏఎమ్‌సీఆర్‌కి ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్ మూడూ అధికార భాషలు, కొత్త పరిశోధకులకు ప్రత్యేక విభాగం కూడా ఉంది. ఇంటర్నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ (ఐసీఏ) 1950 నాటిది. దాని పేపర్ల గడువు మామూలుగా నవంబరు మొదట్లో. మొదటి టర్ము పేపర్ అప్పటికి సిద్ధం కాదని చాలామంది వదిలేస్తారు.

పీహెచ్‌డీ_మిత్రుడు
మాస్టర్స్ మొదటి ఏడాదిలో కాన్ఫరెన్సు అనవసరం. నేను వాటికి రివ్యూలు చేస్తాను, సగం ఉడికిన పేపర్లు ఎన్ని వస్తాయో నాకు తెలుసు.

థీసిస్_గోల
రివ్యూకొచ్చిన పేపర్ల గురించి బయట ఇలా మాట్లాడటం కూడా బాగోలేదండీ. మా బ్యాచ్‌లో ఒకరి పేపర్ మొదటి ఏడాదే తీసుకున్నారు. కొత్తవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లొద్దు.

కొత్తగా_చేరేవాడిని
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఆ చాట్ గ్రూపు విషయం చదివాక నిద్ర పట్టలేదు. ఇక్కడి మాటలు అసైన్‌మెంట్లకు వాడొద్దు అని మొదటి రోజే గ్రూపులో పెడితే అందరూ నన్ను అనుమానంగా చూస్తారా? ఇంకో సంగతి, ఆ మేడమ్ తర్వాత చదువు మానేశారా?

రెండో_సెమిస్టర్
మొదటి రోజు వద్దు, మొదటి వారం చివర్లో పెట్టు తమ్ముడూ, నీ ఒక్కడి పేరుమీద కాకుండా ఇంకో ఇద్దరితో కలిసి. మా గ్రూపు వివరణలో ఒకే వాక్యం ఉంది: రాసినవాళ్లను అడక్కుండా ఏ మెసేజూ బయటికి పోకూడదు, అసైన్‌మెంట్లకైనా సరే. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ_బ్యాచ్_మాది
మానలేదు. నాతో కలిపి కొద్దిమందిమి ఆవిడ పక్కనే కూర్చునేవాళ్లం, డిగ్రీ పూర్తి చేసింది. పేపర్ రాసినతను క్షమాపణ మెయిలు పంపాడు. ఆవిడ జవాబివ్వలేదు, ఇవ్వాల్సిన అవసరం లేదు కూడా. కోర్సు చెప్పిన ప్రొఫెసర్ మాత్రం మరుసటేడు నుంచి సిలబస్‌లో లిఖిత అంగీకారం తప్పనిసరి చేశారు, సొంత బ్యాచ్‌మీద పేపర్ వద్దన్నారు.

పీహెచ్‌డీ_మిత్రుడు
లిఖిత అంగీకారం దాకా నేనూ ఒప్పుకుంటాను. సొంత బ్యాచ్ వద్దనడం మాత్రం అతి. సొంత సమూహాలమీద మంచి పనులు చాలా వచ్చాయి.

మూడో_బెంచి
వచ్చాయి, అడిగి చేసినవాళ్లవి.

కొత్తగా_చేరేవాడిని
కోడింగ్_కష్టాలు గారూ, ఆల్ఫా లెక్క చేత్తో వేశారా? మీ కోడింగ్ నియమాలున్న కోడ్‌బుక్ ఒకసారి చూపిస్తారా? నాకు న్యూస్ డెస్కు అనుభవం ఉంది కాబట్టి అలాంటిదే చేయాలనుంది.

కోడింగ్_కష్టాలు
చేత్తో కాదు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఐఆర్‌ఆర్ అనే ప్యాకేజీ ఉంది, ఉచితం. కోడర్లు అడ్డ వరసల్లో, వార్తలు నిలువు వరసల్లో ఉండాలి. తిరగేసి పెడితే అంకె వస్తుంది కానీ తప్పుది వస్తుంది, చూసుకోండి. కోడ్‌బుక్ నా ఒక్కడిది కాదు. మిగతా ముగ్గురినీ ఈ రాత్రి అడుగుతాను, సరేనంటే ఆదివారం లింకు పెడతాను.